బల్ల చుట్టూ పదిమంది

ఊళ్ళో కథల వర్క్‌షాప్ జరగబోతోందని వాట్సాప్‌లో ఆహ్వానం వస్తే దాన్ని పైనుంచి కిందికి ఓసారి నిదానంగా చదవండి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఇద్దరు వక్తలు, వందన సమర్పణ. గుండ్రటి ఫోటోలు తొమ్మిదో పదో ఉంటాయి. జ్యోతి ప్రజ్వలన ఎన్నింటికో ఉంటుంది. భోజన సదుపాయం కలదని ఉంటుంది. ఎన్ని కథల మీద మాట్లాడతారు, ఒక్కో కథకు ఎంతసేపు ఇస్తారు, కథ ఏ తేదీకల్లా పంపాలి, ఎన్ని మాటలకు మించకూడదు అనే నాలుగు సంగతులు మాత్రం కనపడవు. ఆ నాలుగూ లేకపోతే అది సభ ఆహ్వానమే. పేరు ఏదైనా పెట్టుకోనివ్వండి.

సభలు వద్దని ఎవరూ అనరు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ రోజుల్లో హాళ్ళు నిండాలి, పెద్దలు మాట్లాడాలి, పిల్లలు పద్యాలు చదవాలి. సరిగ్గా ఆ తేదీలకే 'కథా కార్యశాల' అని కూడా తగిలించి రెండు పనులూ ఒక్క పూటలో కానిచ్చేద్దామనుకుంటేనే చిక్కు. పదింటికి మొదలవాల్సింది పదకొండున్నరకు మొదలవుతుంది. ముఖ్య అతిథికి ఇంకోచోట ఇంకో కార్యక్రమం ఉంటుంది కాబట్టి ముందు ఆయన మాట్లాడాలి. ఒంటిగంటకు భోజనాలు. మధ్యాహ్నం 'యువ కథకుల రచనలపై చర్చ'కు మిగిలేది 40 నిమిషాలు, వచ్చిన కథలు 14. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కూడా రావు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వచ్చిన అమ్మాయి సంచిలోని కథ సంచిలోనే ఉండి, జ్ఞాపికతో పాటు ఇంటికి తిరిగి వెళ్ళిపోతుంది.

వర్క్‌షాప్ బాగా జరిగిందా లేదా అన్నది ఆ రోజు సాయంత్రం ఎవరికీ తెలియదు. ఆరు వారాల తర్వాత అదే పదిమంది అవే కథల్ని తిరగరాసి తెచ్చారా లేదా అన్నప్పుడు తెలుస్తుంది. నా మటుకు దానికి వేరే కొలత లేదు. ఎంతమంది వచ్చారు, ఏ పేపర్లో ఫోటో పడింది, ఎవరు ఎంత గొప్పగా మాట్లాడారు అన్నవి కథను ఒక్క వాక్యం కూడా ముందుకు జరపవు.

తిరగరాయడానికి మన భాషలోనే పెద్ద ఉదాహరణ ఉంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. అప్పటికే పేరొచ్చిన నాటకం. ఆయన దాన్ని అంతటితో వదిలేయలేదు. దాదాపు మొత్తం తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేశాడు. అయిదు అంకాలు ఏడయ్యాయి. ఇవాళ మనం తలుచుకునే మధురవాణికి ఆ రూపం వచ్చింది రెండో కూర్పులోనే. రెండు కూర్పులూ సంపాదించి, ఒకే సన్నివేశాన్ని పక్కపక్కన పెట్టి గంటసేపు చదివిస్తే చాలు, ప్రారంభోపన్యాసం అక్కర్లేదు.

ఇక లెక్కల్లోకి వద్దాం. పదిమంది చాలు. పన్నెండు దాటితే వద్దు. తొమ్మిదిమంది చదివి ఒక కథ గురించి తలా రెండున్నర నిమిషాలు మాట్లాడితే దాదాపు 23 నిమిషాలు. అంతకుముందు కథలోని మొదటి పేజీ పైకి చదవడానికి 3 నిమిషాలు. అందరూ మాట్లాడాక కలగలుపు చర్చకు 10, చివర రచయిత మాట్లాడటానికి 7. మొత్తం 43 అవుతుంది, కుర్చీలు జరుపుకోవడంతో కలిపి 45 అనుకోండి. రోజుకు అయిదు కథల చొప్పున మూడు గంటల ముప్పావు. పొద్దున ఒక గంట అభ్యాసం, సాయంత్రం ఒక గంట ఎవరికి వారు కూర్చుని రాసుకోవడం, మధ్యలో భోజనం, రెండు టీలు. తొమ్మిదిన్నరకు మొదలుపెడితే నాలుగున్నర, అయిదుకల్లా బస్టాండుకు వెళ్ళిపోవచ్చు. ఇలా రెండు రోజులు. ఇరవైమందిని పిలిస్తే ఇదే పనికి కనీసం నాలుగు రోజులు పడుతుంది. ఉద్యోగాలు, వ్యవసాయాలు, చంటిపిల్లలు ఉన్నవాళ్ళు నాలుగు రోజులు రాలేరు. 'వచ్చేవాళ్ళను ఎలా కాదంటాం?' అని నిర్వాహకులు మొహమాటపడతారు. కాదనక్కర్లేదు. మిగిలిన పదిమందికి రెండు నెలల తర్వాత ఇంకో తేదీ ఇప్పుడే చెప్పాలి.

రోజులు ఎంచుకోవడం కూడా పనిలో భాగమే. రెండో శనివారం, దాని పక్క ఆదివారం మంచివి. బడికి సెలవు కాబట్టి తరగతిగది దొరుకుతుంది, ఉపాధ్యాయులు రాగలరు. పెళ్ళి ముహూర్తాలు దట్టంగా ఉన్న వారాలు, పరీక్షల నెల, సంక్రాంతి, దసరా వదిలేయాలి. గది గురించి పెద్ద ఆలోచన అక్కర్లేదు. ఫంక్షన్ హాలు మాత్రం వద్దు. మైకు ఉన్నచోట మనిషి గొంతు మారిపోతుంది, వాక్యాలు పొడుగవుతాయి. శాఖా గ్రంథాలయంలో పక్కగదో, బడిలో ఒక తరగతిగదో తీసుకుని నాలుగు బల్లలు దగ్గరికి లాగి చుట్టూ కూర్చుంటే ఒకరి మొహం ఒకరికి కనపడుతుంది. ఆడవాళ్ళకు పనికొచ్చే బాత్రూం ఉందో లేదో ముందురోజే వెళ్ళి చూసి రావాలి. ఇది చిన్న సంగతని వదిలేసినచోట రెండో రోజు ఆడవాళ్ళు రారు.

కథలు 21 రోజుల ముందు నిర్వాహకులకు అందాలి. పది రోజుల ముందు అందరి కథలూ అందరికీ చేరాలి. ఎందుకు పదిరోజులంటే, ఒక్కొక్కరూ చదవాల్సినవి తొమ్మిది. రోజుకొకటి చదివినా ఒకరోజు మిగులుతుంది. ఒక్కో కథనూ రెండుసార్లు చదవమనాలి. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా, రెండోసారి పట్టుకుని. కథ నిడివి 1500 మాటలకు మించకూడదు. పెద్ద కథ ఉన్నవాళ్ళు అందులో ఏ 1500 మాటలు తమను ఇబ్బంది పెడుతున్నాయో అవి పంపి, మిగతాది నాలుగు వాక్యాల్లో చెప్పొచ్చు. గడువు దాటిన కథను తీసుకోకూడదు. ఇది కఠినంగా అనిపిస్తుంది కానీ, ఆలస్యంగా వచ్చిన కథను చదవకుండానే వచ్చేవాళ్ళు నలుగురుంటారు. చదవనివాళ్ళు కూడా బల్ల దగ్గర ఏదో ఒకటి మాట్లాడతారు. అందరికంటే ఎక్కువసేపు మాట్లాడేదీ వాళ్ళే.

కాగితం మీద ఎలా ఉండాలో చెప్పకపోతే సగం సమయం 'ఏ పేజీ అండీ?', 'పైనుంచి ఎన్నో లైను?' అనడానికే పోతుంది. వర్డ్‌లో లేఔట్ మెనూలో లైన్ నంబర్స్ అని ఉంటుంది, అది ఆన్ చేయాలి. ఏ4 కాగితం, మండలి లాంటి శుభ్రమైన యూనికోడ్ ఫాంటు 13 పాయింట్లు, వరసల మధ్య ఒకటిన్నర ఖాళీ, కుడివైపు అయిదు సెంటీమీటర్ల మార్జిన్. ఆ మార్జిన్ చదివేవాళ్ళ పెన్ను కోసం. ఇలా పెడితే పేజీకి 200 మాటల దాకా పడతాయి, 1500 మాటల కథ ఎనిమిది పేజీలవుతుంది. ఫోన్లో చదువుతామంటే ఒప్పుకోవద్దు. ఫోన్లో చదివినవాళ్ళు కథ గుర్తుపెట్టుకుంటారు, వాక్యం గుర్తుపెట్టుకోరు.

డీటీపీ చేయించి తెచ్చేవాళ్ళతో ఒక జాగ్రత్త. 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన కథను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు తారుమారవుతాయి, కొటేషన్ గుర్తులు ఇంకేవో అక్షరాలవుతాయి, రెండు మాటలు కలిసిపోతాయి. మార్చాక ఒకసారి మొత్తం చదివి దిద్దకుండా పంపిస్తే, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కథ వదిలేసి అచ్చుతప్పుల మీద పడతారు. వాయిస్ టైపింగుతో రాసేవాళ్ళ కథల్లో విరామచిహ్నాలు, సంభాషణల కొటేషన్లు పోతాయి. ఎవరు ఎవరితో అన్నారో అంతుపట్టదు. చేత్తో రాసి పంపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఉండాలి కూడా. వాళ్ళ కథను ఎవరో ఒకరు టైపు చేసిపెట్టాలి. అయితే టైపు చేసేవాళ్ళకు ఒక్కమాట గట్టిగా చెప్పాలి: ఉన్నది ఉన్నట్టు కొట్టండి, ఏదీ సరిచేయకండి. 'పోయిండు' అన్నది అచ్చుతప్పు కాదు.

ఇప్పుడు అసలు పని, అంటే కథ మీద మాట్లాడటం. 'చాలా బాగా రాశారండీ, కళ్ళు చెమర్చాయి' అన్నమాట రచయితకు ఆ పూట తీపిగానే ఉంటుంది. తెల్లారి కథ ముందు కూర్చున్నప్పుడు దానితో ఏం చేసుకోవాలో తెలియదు. 'ముగింపు ఇంకా బలంగా ఉండాల్సింది' అన్నదీ అంతే. బలం అంటే ఏమిటో, ఎక్కడ తగ్గిందో చెప్పలేదు కదా. మూడో రకం ఇంకా ప్రమాదం: 'నేనైతే ఆ కొడుకుని చివర్లో ఇంటికి రప్పించేవాణ్ణి'. అది వేరే కథ, వేరేవాళ్ళ కథ. నాలుగో రకం వస్తువు మీద ఉపన్యాసం. కథలో కౌలురైతు కనపడగానే కౌలు చట్టం మీద, అత్తాకోడళ్ళు కనపడగానే ఉమ్మడి కుటుంబాల మీద చర్చ మొదలవుతుంది. పదిహేను నిమిషాలు పోయాక చూస్తే బల్ల మీద కథ ఉండదు.

పనికొచ్చే మాట ఎలా ఉంటుందో ఒక ముక్క తీసుకుని చూద్దాం. కథ ఇలా మొదలైందనుకోండి:

'సూర్యుడు పడమటి కొండల్లోకి జారుకుంటున్నాడు. పక్షులు కిలకిలారావాలతో గూళ్ళకు చేరుతున్నాయి. రామయ్య అరుగుమీద దిగులుగా కూర్చుని గతాన్ని నెమరువేసుకుంటున్నాడు.'

దీన్ని 'పాతకాలపు ఎత్తుగడ' అని కొట్టిపారేస్తే రచయిత ముడుచుకుపోతాడు, అంతకుమించి ఏమీ జరగదు. వరస నంబరు చూపించి ఇలా అనొచ్చు: 'మొదటి రెండు వాక్యాల మీద వేలు పెట్టి మూసి చదివాను. నాకేమీ పోలేదు. మూడో వాక్యంలో దిగులుగా అని మీరు చెప్పేశారు కాబట్టి నేను చూడటం మానేశాను. ఆయన చేతులు ఏం చేస్తున్నాయో తెలిస్తే నేనే దిగులు అనుకునేదాన్ని. రెండో పేజీ 14వ వరసలో కరెంటు బిల్లు సంగతి వచ్చినప్పుడు నాకు కథ మొదలైనట్టనిపించింది.' ఇందులో తీర్పు లేదు. చదివేటప్పుడు తనకేం జరిగిందో, ఏ వరసలో జరిగిందో మాత్రమే ఉంది. దాన్ని పట్టుకుని ఇంటికెళ్ళిన రచయిత ఇలా తిరగరాయొచ్చు:

'కరెంటు బిల్లు మడతలు విప్పి చూసి మళ్ళీ మడిచాడు రామయ్య. అరుగు మీద పక్కనే పెట్టిన టీ గ్లాసులో మీగడ కట్టింది.'

దిగులన్న మాట లేదు, పొద్దుగూకడం లేదు. టీ చల్లారేంతసేపు ఆయన అక్కడే ఉన్నాడని మాత్రం తెలుస్తోంది. బిల్లు సంగతి రెండో పేజీలోంచి పైకొచ్చింది. ఇంతే మార్పు. దీనికి ఎవరూ గొప్ప సిద్ధాంతం చెప్పలేదు, ఒక పాఠకురాలు 14వ వరస చూపించింది.

అందుకే మాట్లాడేవాళ్ళకు మూడు ప్రశ్నలు ముందే ఇచ్చి, సమాధానాలు ఇంట్లోనే రాసుకు రమ్మనాలి. ఎక్కడ ఆగకుండా చదివేశారు? ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాల్సి వచ్చింది? కథ అయిపోయాక ఏ ప్రశ్న మిగిలిపోయింది? మూడింటికీ వరస నంబర్లు ఉండాలి. రాసుకు రాకపోతే మూడోవాళ్ళ దగ్గర్నుంచి అందరూ 'ముందు వాళ్ళు చెప్పినట్టే' అని మొదలుపెడతారు. రాసిన కాగితాలు చివర్లో రచయితకు ఇచ్చేయాలి. అచ్చుతప్పులు, గుణింతాలు ఆ కాగితం మీదే రాయాలి, నోటితో అనకూడదు.

సీనియర్లు ఆఖర్న మాట్లాడాలి. ఇది మర్యాద తక్కువ కాదు. పెద్దాయనే ముందుగా 'ఈ కథలో కథే లేదమ్మా' అనేశాక, పాతికేళ్ళ కుర్రాడు 'నాకైతే చాలా నచ్చిందండీ' అనడు. మన దగ్గర వయసుకు ఇచ్చే గౌరవం అలాంటిది. ఆ గౌరవం ఉంటూనే కుర్రాడి మాట కూడా వినపడాలంటే వరస మార్చడమొక్కటే దారి. అలాగే బల్ల చుట్టూ అందరూ అందరికీ గారే. ఒకరు మాష్టారు, ఒకరు మేడం, ఇంకొకరు ఏరా అయితే అభిప్రాయాల బరువు కూడా అలాగే పంచుకుపోతుంది. సమయం చూసే మనిషి వేరుగా ఉండాలి, తన కథ ఆ పదిలో ఉండకూడదు. రెండున్నర నిమిషాలకు పెన్నుతో గ్లాసు మీద కొట్టడానికి మొహమాటపడని మనిషి కావాలి.

రచయిత ఆ సేపంతా మాట్లాడకూడదా? అమెరికాలో 1936లో మొదలైన అయోవా రైటర్స్ వర్క్‌షాప్ నుంచి ప్రపంచమంతా పాకిన పద్ధతిలో రచయిత నోరు మూసుకుని వినాలి. కారణం సరైనదే. పత్రికలో కథ పడ్డాక పాఠకుడి పక్కన కూర్చుని 'అది కాదండీ, నా ఉద్దేశం ఏమిటంటే' అని చెప్పడానికి రచయిత ఉండడు. మన దగ్గర ఈ నియమం మరీ అవసరం, ఎందుకంటే రచయిత వివరణ మొదలుపెడితే అది 'ఇది మా మేనత్త జీవితంలో నిజంగా జరిగిందండీ' దగ్గర ఆగుతుంది, దాంతో ఎవరూ ఇంకేమీ అనలేరు. నిజంగా జరిగినంత మాత్రాన కథలో జరిగినట్టు కాదు.

అయితే ఆ నియమాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. జీవితంలో మొదటిసారి కథ బయటపెట్టినవాళ్ళు, అంతకుముందు ఇంట్లోనూ బడిలోనూ ఆఫీసులోనూ నోరెత్తే అవకాశం లేనివాళ్ళు, ఇక్కడా నోరుమూసుకుని నలుగురి తీర్పు వినాలంటే ఇక రాయరు. నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ తయారుచేసిన పద్ధతిలో తీర్పుకంటే ముందు కళాకారుడి ప్రశ్నలు వస్తాయి. దాన్నుంచి ఒక్క ముక్క తీసుకుంటే చాలు. కథతో పాటే రచయిత రెండు ప్రశ్నలు రాసి పంపాలి. 'లక్ష్మి ఎందుకు వెళ్ళిపోయిందో అయిదో పేజీకి ముందే తెలిసిపోతోందా?' లాంటివి. 'కథ ఎలా ఉంది?' అన్నది ప్రశ్న కాదు, వెనక్కి పంపేయాలి. మాట్లాడే ప్రతివాళ్ళూ తమ రెండున్నర నిమిషాల్లో ఆ రెండింటికీ సమాధానం చెప్పి తీరాలి. అప్పుడు రచయిత మౌనంగా ఉన్నా, చర్చ తను వేసిన దారిలోనే నడుస్తుంది.

భాష దగ్గర జరిగే నష్టం అన్నిటికంటే ఎక్కువ. శ్రీకాకుళం కథలో 'ఆడొచ్చీసినాడు' అని ఉంటే 'వాడు వచ్చేశాడు అని రాస్తే అందరికీ అర్థమవుతుంది కదా' అనే మనిషి ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు. ఆ ఒక్క మార్పుతో ఊరు పోతుంది, కులం పోతుంది, ఆ మనిషి గొంతు పోతుంది. మాండలికాన్ని 'సరిచేయడం' బల్ల దగ్గర నిషిద్ధమని మొదటి రోజే చెప్పేయాలి. దాని అర్థం భాష గురించి అడగకూడదని కాదు. రెండో పేజీలో 'అచ్చిండు' అని ఉండి నాలుగో పేజీలో అదే మనిషి నోట 'వచ్చిండు' అని ఉంటే తప్పకుండా అడగాలి. మొదటిది కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వినపడే మాట. మనిషి చదువుకుని మాట మార్చుకున్నాడా, పట్నం వాళ్ళ ముందు వేరుగా మాట్లాడుతున్నాడా, లేక రచయిత చేయి జారిందా? మొదటి రెండూ అయితే కథకు బలం, మూడోది అయితే దిద్దుకోవాలి. మాండలికంలో రాసేవాళ్ళు తమ పాత్ర వాడే క్రియారూపాలు ఓ ఇరవై ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే ఈ జారుడు ఉండదు. వచ్చాడు, వెళ్తున్నాడు, చెప్పలేదు, ఉన్నారు, ఏం చేస్తున్నావు లాంటివాటికి ఆ ఊళ్ళో ఏమంటారో అంతే.

పైకి చదవడం గురించి కూడా చెప్పాలి. మొదటి పేజీని రచయిత చదవకూడదు, పక్కనున్నవాళ్ళు చదవాలి. రచయిత తన వాక్యాన్ని ఎక్కడ ఒత్తి పలకాలో తెలిసి చదువుతాడు కాబట్టి లోపం కనపడదు. కొత్తవాళ్ళు ఎక్కడ తడబడి వెనక్కి వెళ్తారో అక్కడ గీత పెట్టుకోవాలి. తెలుగులో ఎక్కువగా తడబడేది అసమాపక క్రియల గొలుసు దగ్గర: 'లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి, పేపరు చూస్తూ, కూతురు అడిగిందానికి తలూపి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు'. ఏడు పనులూ ఒకే బరువుతో పోయాయి. వీటిలో కథకు కావాల్సింది కూతురు అడగడం ఒక్కటే అయితే అక్కడ వాక్యం ఆగాలి. ఇంగ్లీషు చదువుల వల్ల వచ్చిన 'చేయబడింది', 'ఇవ్వబడింది', ప్రతి నామవాచకం ముందూ 'ఒక' కూడా పైకి చదివితేనే దొరుకుతాయి.

పొద్దునపూట అభ్యాసానికి నేను అన్నిటికంటే విలువిచ్చేది సంబోధన. పన్నెండు వరసల సంభాషణ, ఇద్దరే మనుషులు, వాళ్ళ చుట్టరికం ఎక్కడా చెప్పకూడదు, వర్ణన రాయకూడదు, మధ్యలో ఏదో మారిపోవాలి. ఇరవై నిమిషాలు ఇస్తే చాలు. తెలుగులో ఇది ఎంత దూరం వెళ్తుందో అయిదు వరసల్లో చూడండి:

'అక్కా, మీ మరిది ఇటొచ్చాడా?'
'రాలేదమ్మా. లోపలికి రా, కాఫీ తాగుదువుగాని.'
'వద్దు లెండి.'
'అదేంటే, గుమ్మంలోనే నిలబడిపోయావ్?'
'చెప్పులు ఆయనవేనండీ.'

తోడికోడళ్ళని ఎక్కడా చెప్పలేదు, 'మీ మరిది' చెప్పింది. మూడో వరసలో 'అక్కా' పోయి 'లెండి' వచ్చింది. ఆ ఒక్క మాట దగ్గర ఆమె చెప్పులు చూసేసిందని, చివరి వరస చదివాక వెనక్కి వెళ్తే తెలుస్తుంది. కోపం పెరిగినకొద్దీ గౌరవవాచకం రావడం మన ఇళ్ళల్లో రోజూ వినేదే. కథల్లో మాత్రం అందరూ ఒకే 'నువ్వు', ఒకే 'మీరు'తో మొదలుపెట్టి అలాగే ముగిస్తారు. చేతిలో ఉన్న సాధనాన్ని వాడకపోవడం ఇది. అభ్యాసానికి ముందు పాత కథలు ఒకటి రెండు చదివించాలనుకుంటే, కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథానిలయం వేల కథల్ని సేకరించి ఆన్‌లైన్‌లో కూడా అందుబాటులో ఉంచింది. ఆ ప్రాంతం రచయితల కథలే ఎంచుకుంటే ఇంకా బాగుంటుంది.

డబ్బు సంగతి. మనిషికి 500 రూపాయలు తీసుకుంటే పదిమందికి 5000. పది కథలు, ఎనిమిదేసి పేజీలు, నిర్వాహకుడితో కలిపి 11 ప్రతులు అంటే 880 పేజీలు. పేజీ రెండు రూపాయలైతే జిరాక్సుకు 1760. రెండు భోజనాలు 120 చొప్పున 11 మందికి 2640. రెండు రోజుల్లో నాలుగు టీలు పది చొప్పున 440. మొత్తం 4840, మిగిలిన 160 పెన్నులకు. ఇవ్వలేనివాళ్ళు ఇద్దరుంటే ఆ వెయ్యి రూపాయలు ఊళ్ళో ఎవరైనా ఇస్తారు. అడగాల్సింది అందుకే, ఫ్లెక్సీ కోసం కాదు. రుసుము తీసుకోవడం తప్పని కొందరంటారు. ఏమీ తీసుకోకపోతే దాతను వేదికెక్కించాలి, ఎక్కించాక ఆయన మాట్లాడాలి.

ప్రవాసంలో ఉన్నవాళ్ళతో ఆన్‌లైన్‌లో చేసేటప్పుడు ఒక్క రోజులో రెండు కథలకు మించొద్దు. తెర ముందు మూడో కథకు అందరి చెవులూ మూతబడతాయి. ఇక్కడ ఆదివారం రాత్రి ఎనిమిదైతే న్యూయార్క్, డెట్రాయిట్ వైపు వేసవిలో పొద్దున పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి. ఆ వారం ఎవరో ఒకరు గంట ముందో, గంట ఆలస్యంగానో వస్తారు, ముందే గుర్తుచేయాలి.

కథలు ఆ గది దాటి బయటికి పోకూడదు. ఎవరి కథ పేజీనీ ఫోటో తీసి గ్రూపులో పెట్టకూడదు. 'ఈరోజు వర్క్‌షాప్‌లో విన్న అద్భుతమైన కథ' అని ఫేస్‌బుక్‌లో రాయడం కూడా అపకారమే. పత్రికలు, పోటీలు దాదాపు అన్నీ హామీపత్రం అడుగుతాయి: రచన సొంతమని, అనువాదం కానీ అనుసరణ కానీ కాదని, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదని, వేరే పత్రిక పరిశీలనలో లేదని. బ్లాగులో, ఫేస్‌బుక్‌లో పెట్టినా ప్రచురించినట్టే లెక్కగట్టే పత్రికలున్నాయి. వర్క్‌షాప్ నిర్వాహకులు ఉత్సాహంగా పది కథలూ కలిపి పుస్తకం వేసేస్తే ఆ పది కథలకూ ఆ తలుపులు మూసుకుపోతాయి. పైగా అవి ఇంకా మొదటి డ్రాఫ్టులు. పుస్తకం వేయాలనుంటే రచయిత రాతపూర్వకంగా ఒప్పుకున్న కథలే, అదీ తిరగరాసినవే వేయాలి. కాపీరైటు రచయితదే అని లోపలి పేజీలో ఉండాలి.

ఆరు వారాల తర్వాత మళ్ళీ కూర్చునే తేదీ మొదటి ఆహ్వానంలోనే ఉండాలి. తర్వాత చూద్దాం అంటే అది ఎప్పటికీ రాదు. ఆరు వారాలు ఎందుకంటే, మొదటి వారం రచయిత కోపంగా ఉంటాడు, రెండో వారం అందరూ చెప్పింది అన్నీ చేసేద్దామనుకుంటాడు. ఆ రెండూ తగ్గాక, కాగితాల మీది మాటల్లో ఏవి తన కథకు చెందినవో ఏవి కావో తేల్చుకోవడానికి కొంత సమయం కావాలి. తొమ్మిదిమందిలో అయిదుగురు ఒకే వరస దగ్గర ఆగిపోతే అక్కడ ఏదో ఉన్నట్టే. వాళ్ళు చెప్పిన మందు తప్పు కావచ్చు, నొప్పి ఉన్న చోటు మాత్రం అదే.

రెండో సమావేశం ఒక్క పూట చాలు. ప్రతి కథకూ పాత డ్రాఫ్టు, కొత్త డ్రాఫ్టు పక్కపక్కన పెట్టి, ఏ పేరా పోయింది, ఏది పైకొచ్చింది, ఏది అలాగే మిగిలిందో రచయితే చూపిస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ఇప్పుడు మౌనం నియమం లేదు. తిరగరాయనివాళ్ళు మొహం చాటేస్తారు కాబట్టి వాళ్ళకు ముందే ఫోన్ చేసి, కథ అవకపోయినా రమ్మని, ఎక్కడ చేయి ఆగిపోయిందో ఆ ఒక్క పేజీ తెస్తే చాలని చెప్పాలి.